సగం ఐన్ రూపాయి వాపస్ వచ్చిన దినం

అందరు అడిగే మాట

పాత సిక్కాలు, అంటె పాత నాణేలు, అమ్మే పనిల కొత్తగ దిగినోళ్ళు అప్పుడప్పుడు జల్‌పల్లిల మా ఇంటిదాక వస్తుంటరు. ఏ సిక్కా అసలు, ఏది నకిలీ అని అడుగుతరేమో అనుకుంట. అడగరు. గవన్నీ వాళ్ళకు నాకంటె ఎక్కువ తెలుసంట. అందరు అడిగేది ఒక్కటే. "బాపూ, అమ్మిన సిక్కా గిరాకి వాపస్ తెస్తే పైసలు మొత్తం ఇయ్యాల్నా, కొంచెం కట్ చేసుకోవాల్నా?"

కట్ చేసుకోవాలె అని చెప్తే వాళ్ళు సంతోషంగ చాయ్ తాగి పోతరు. నాకు తెలుసు. ఒకప్పుడు నేను గూడ గదే అనేటోన్ని. గట్టిగ అనేటోన్ని, మా సేటుతోని లొల్లి పెట్టుకొని మరీ అనేటోన్ని.

ఇరవై ఏండ్లకు పైన ఈ పని చేసిన. దీంట్ల ప్రమోషన్లు లేవు. సేటు గద్దె మీద కూసుంటుండె, నేను కింద చాప మీద కూసుంటుంటి, గంతే. కాబట్టి నా గొప్పలు రాయను. నేను చేసిన ఒక తప్పు రాస్త. దాని వల్ల ఒక మంచి మనిషి ఇజ్జత్ రెండు వారాలు బజార్ల పడ్డది. మళ్ళ ఎట్ల లేచిందో గూడ రాస్త. అది చదివినంక కట్ చేసుకోవాల్నా వద్దా మీరే చూసుకోండ్రి.

మా సేటు, ఆయన కాయితాలు

అరవైల ఆఖర్ల నేను శాలిబండల నాగభూషణం సేటు మల్గిల, అదే దుకాణంల, పనికి కుదిరిన. అప్పటికి నాకు ఇరవై నాలుగేండ్లు. మాది ఉప్పుగూడ, మా నాయిన రైల్వేల గ్యాంగ్‌మన్. నేను ఉర్దూ మీడియంల ఏడు దాక చదివిన. సిక్కాల మీద రాసింది చదవొస్తదని సేటు పెట్టుకున్నడు.

మల్గి చిన్నది. ముందల వెండి సామాను: మెట్టెలు, పట్టీలు, కుంకుమ భరిణెలు. లోపట రెండు పెట్టెల నిండ నిజాం కాలం సిక్కాలు. కడుపు నింపేది వెండి. సిక్కాలు మాత్రం సేటుకు ప్రాణం. సన్నగ, పొడుగ్గ ఉండేటోడు, నల్ల టోపీ పెట్టేటోడు. గట్టిగ మాట్లాడంగ నేను ఆయన్ని రెండుసార్లే చూసిన. చేతికి సిక్కా ఇస్తే ముందుగాల చూసేటోడు గాదు. కండ్లు మూసుకొని బండ మీద ఒక్కసారి మోగిచ్చి వింటుండె. ఆ చప్పుడు విని "ఇది మనది గాదు" అన్నడంటే అది నకిలీనే, మళ్ళ ఎవ్వలు మాట్లాడకపోదురు. అబ్బ, ఏం చెవులవి!

ఆయన పెట్టిన ఒక పద్ధతి నేను ఇంకెక్కడ చూడలే. ఖరీదైన సిక్కా మల్గి దాటి పోవాలంటే దాని నకలు తియ్యాలె. సిక్కా మీద పల్చటి కాయితం పరిచి, మెత్త పెన్సిల్ అడ్డం పట్టి రుద్దితే బొమ్మ కాయితం మీదికి దిగుతది. అక్షరాలు, గీతలు, అంచు కాడ చిన్న దెబ్బ ఉంటే అది గూడ దిగుతది. గట్ల రెండు కాయితాలు. ఒకటి గిరాకికి, ఒకటి మాకు. రేపు సిక్కా వాపస్ వస్తే పక్కన పెట్టి చూసుకునుడే.

వాపస్ తెస్తే సేటు ఒక్క పైస కట్ చేసేటోడు గాదు. పక్క మల్గీలోళ్ళు రూపాయికి రెండణాలు కట్ చేసుకునేది. అణాలు పోయి ఎన్నో ఏండ్లాయె, కటింగ్‌ల మాత్రం అణాలు పోలే. మా సేటు నవ్వేటోడు. "సిక్కా పోయింది, వచ్చింది. దానికేమన్న కాళ్ళు నొచ్చినయా యాదగిరీ?" అనేటోడు.

నాకు మాత్రం కడుపు మండేది. ఎందుకో చెప్త. దీవాళి ముందల లక్ష్మీపూజకని జనం పాత వెండి రూపాయిలు కొనేది. ఐదో, తొమ్మిదో తీసుకపోయి పళ్ళెంల పెట్టి పూజ చేసేది. పండుగ అయినంక కొందరు వాటిని వాపస్ తెచ్చేది! అరె, ఇదేంది, మాది దేవునికి సామాను కిరాయికిచ్చే దుకాణమా? అది చాలదని సిక్కాలను చింతపండు పెట్టి తళతళ తోమి తెచ్చేది. పాత వెండి మీద నూరేండ్లకు ఒక నల్లటి నిగ పడతది, అదే దాని ఖరీదు. చింతపండు పెట్టి ఒక్కసారి రుద్దితే అంత పాయె, ఇగ అది ఉత్త వెండి.

గట్ల తోమి తెచ్చినప్పుడల్ల సేటు నన్నే అడుగుతుండె. "తోమొద్దని నువ్వు వాళ్ళకు చెప్పినవా?"

చెప్పలే అంటే, "అయితే తప్పు మనది, మొత్తం ఇచ్చెయ్" అనేటోడు. చెప్పిన అంటే, "అయితే నష్టం వాళ్ళది, వెండి ధర కట్టియ్యి." గంతే ఆయన కానూను. వాపస్ తెచ్చినందుకు కటింగ్ లేదు. చెప్పినంక చెడగొడితేనే కటింగ్. నేను మాత్రం చెప్పుడు మరిచిపోయేటోన్ని, సేటు పైసలు పోతున్నయని మళ్ళ నేనే మొత్తుకునేటోన్ని.

ఐన్ అక్షరం

నిజాం కాలం వెండి రూపాయి మీద చార్మినార్ ఉంటది. దాని నడిమి కమాను కింద ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటది, ఐన్. అప్పటి రాజు పేరుల మొదటి అక్షరం. మొదట్ల అచ్చేసిన రూపాయిలల్ల ఆ ఐన్ సగమే పడ్డది. తర్వాత పూరా పడ్డది. పూరా ఐన్‌వి పెట్టెల నిండ ఉండె. సగం ఐన్ దొరుకుడు కష్టం. చూపుకు రెండు ఒక్కతీరే. ధరల మాత్రం మస్తు ఫరక్.

మల్లేశం అని ఒక బస్సు కండక్టర్ మా గిరాకి. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చి, నా పక్కన చాప మీద కూసొని భూతద్దం పెట్టి చూసుకుంట కూసుంటుండె. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. "అన్నా, చూపుకు టికెట్ లేదు గద?" అని నవ్వేటోడు. ఆ సగం ఐన్ రూపాయి మీద రెండేండ్ల నుంచి కన్నేసిండు. నెలకు కొంచెం కొంచెం కూడబెట్టిండు. డిపోల పనిచేసేటోళ్ళు ఆపదకు పనికొస్తదని తలా కొంత ఏసుకునే పైసల పెట్టె ఆయన దగ్గరనే ఉంటుండె. ఇది గుర్తుపెట్టుకోండ్రి, ఎందుకంటే ఆయన ఇజ్జత్ అంత ఆ పెట్టె తాళంచెవిలనే ఉండె.

దీవాళికి మూడు దినాల ముందల ఆయన పైసలు తెచ్చిండు. మల్గిల కాలు పెట్ట సందు లేదు. సేటు బీదర్‌ల చుట్టాల ఇంటికి పోయిండు. నేనొక్కన్నే. మల్లేశం కోసం సగం ఐన్ రూపాయి తీసి, గుడ్డ మీద పెట్టి నకలు తీసిన, రెండు కాయితాలు సక్కగనే దిగినయి. అంతల గౌలిపురల కిరాణం దుకాణం నడిపే అనసూయమ్మ పక్క నుంచి, "బిడ్డా, నాకు పూజకు ఐదు రూపాయిలు ఇస్తవా, ఇంటికాడ పని ఉన్నది" అని తొందర పెట్టింది. ఆమె కోసం మామూలు పూరా ఐన్ రూపాయిలు అదే గుడ్డ మీద పోసి ఉంచిన. ఐదు ఏరి ఆమెకిచ్చిన. ఒకటి కాయితంల చుట్టి మల్లేశంకిచ్చిన. "ఇగ సంతోషమే గద" అన్న. ఆయన జేబు మీద చెయ్యేసుకొని పోయిండు.

రెండో దినం పొద్దుగాల మల్లేశం వచ్చిండు. మొకం తెల్లబోయి ఉన్నది. సిక్కా, కాయితం రెండు నా ముందల పెట్టిండు.

"యాదన్నా, కాయితంల సగం ఐన్ ఉన్నది. సిక్కా మీద పూరా ఉన్నది. ఏందో తిరకాసయింది, చూడు."

చూసిన. నిజమే. మా కాయితం తీసి చూసిన, దాని మీద గూడ సగమే. అంటే మల్గి దాటింది సగం ఐన్, వాపస్ వచ్చింది పూరా ఐన్. గప్పుడు ఒక్క నిమిషం గూడ నా మీద నాకు అనుమానం రాలే. కాయితం మీద నాకు గంత నమ్మకం.

"సిక్కా మార్చుకొచ్చినవు మల్లేశం" అన్న. నలుగురు వింటుండంగ అన్న.

ఆయన నవ్విండు ముందుగాల, పరాచికం అనుకొని. తర్వాత నా మొకం చూసి, "ఏమన్నవు?" అన్నడు.

"ఏమన్ననో విన్నవు గద. నేను మంచోన్ని కాబట్టి పోలీసోళ్ళను పిలుస్తలేను. సగం పైసలు కట్ చేసుకొని సగం ఇస్త. తీసుకొని పో."

మల్లేశం సిక్కాను నా దిక్కు జరిపిండు. తర్వాత మెల్లగ చెప్పిండు. "కటింగ్ ఒప్పుకుంటే దొంగతనం ఒప్పుకున్నట్టే యాదన్నా. సిక్కా నువ్వే ఉంచుకో, పైసలు నువ్వే ఉంచుకో. నా పేరు మాత్రం తియ్యకు."

మెట్టెలు కొననీకి వచ్చిన ఒకాయన గుమ్మం కాడ నిలబడి అంత వింటున్నడు. ఆయన అదే డిపోల డ్రైవర్ అని నాకు తర్వాత తెలిసింది.

సేటు బీదర్ నుంచి వచ్చినంక నేను ఈ సంగతి గొప్పగ చెప్పిన, మల్గిని కాపాడినట్టు. ఆయన ఒక్కటే అడిగిండు. "కాయితంల చుట్టేటప్పుడు సిక్కా మళ్ళొకసారి చూసినవా?"

"చూసిన" అన్న. చూడలే. చూసిన అనుకున్న. రెంటికీ ఫరక్ నాకు అప్పటికి తెల్వదు.

"నువ్వు చూసిన అంటే సరే" అన్నడు సేటు. నా మాట మీద నమ్మకంతోని ఊకున్నడు.

రెండు వారాలు

డిపోల మాట మంటోలె పాకింది. మల్లేశం వస్తుంటె, "సంచులు సర్దుకోండ్రి రా" అని ఒకడు. "అన్నా, నా రూపాయి ముందల ఓసారి చూసుకోనియ్యి" అని ఇంకొకడు. పరాచికాలే, కాని పానం తీసే పరాచికాలు. వారం తిరగకముందే నలుగురు పెద్దమనుషులు కూసొని, ఆ పైసల పెట్టె తాళంచెవి ఆయన చేతుల నుంచి వాపస్ తీసుకున్నరు. ఎవ్వలు దొంగ అనలే. "కొన్ని దినాలు ఇంకొకరు చూసుకుంటరు తీ" అన్నరు. గంతకన్న అనేది ఏమున్నది? ఇదంత మా ఉప్పుగూడల ఉండే ఒక క్లీనర్ నాకు చెప్పిండు. నేను విని, "కావాలె గట్లనే" అనుకున్న. అట్ల అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గయితది.

దీవాళి పోయింది. పన్నెండు దినాలైనంక అనసూయమ్మ వచ్చింది. ఐదు రూపాయిలు దస్తీల కట్టుకొచ్చింది. విప్పితే కండ్లు జిగేల్మన్నయి. ఐదింటినీ చింతపండు పెట్టి తోమింది.

నాకు తిక్క లేచింది. "అమ్మా, పూజ అయిపాయె, వాపస్ తెస్తివి. మీదికెంచి తోమి తెస్తివి. రూపాయికి రెండణాలు కట్ చేస్త."

"ఇంతకు ముందు ఎప్పుడు కట్ చేయకపోతిరి బిడ్డా" అన్నది ఆమె. దస్తీ మళ్ళ ముడేయబట్టింది. "కట్ చేస్తవంటే నాకు వాపసే వద్దు. చార్‌కమాన్‌ల వెండి కింద అమ్ముకుంట, వాళ్ళు కరగబోసుకుంటరు."

గద్దె మీది నుంచి సేటు గొంతు. "యాదగిరీ, తోమొద్దని చెప్పినవా?"

"లే."

"అయితే ఏం కట్ చేస్తవు? నీ నోరు కట్ చేసుకో. తీసుకో వాపస్."

పండ్లు కొరుక్కుంట తీసుకున్న. ఈమె గూడ ఏమన్న మార్చి తెచ్చిందేమో పట్టుకుందమని భూతద్దం తీసి ఒక్కొక్కటే చూసిన. ఒకటి పూరా. రెండు పూరా. మూడు పూరా. నాలుగోది చూసి భూతద్దం తుడుచుకొని మళ్ళ చూసిన.

కమాను కింద సగం ఐన్.

మల్లేశం కాయితం తీసి పక్కన పెట్టిన. తారీఖు పక్కన అంచు కాడ చీమ తలకాయంత దెబ్బ, కాయితం మీద ఉన్నది, సిక్కా మీద ఉన్నది. చింతపండు నల్లటి నిగను తీసింది గాని దెబ్బను తియ్యలే. ఆ దినం గుడ్డ మీది నుంచి ఏరేటప్పుడు సగం ఐన్ అనసూయమ్మకిచ్చిన, ఆమెకు పోవాల్సినది మల్లేశంకు చుట్టిచ్చిన. కాయితం అబద్ధమాడలే. నా చెయ్యి ఆడింది, దాని మీద నా నోరు ఆడింది.

"సేటూ" అన్న. సిక్కా, కాయితం ఆయన ముందల పెట్టిన. సేటు చూసిండు. నన్ను తిడతడనుకున్న. తిట్టలే.

"నువ్వు చూసిన అన్నప్పుడు నేను పెట్టె కుమ్మరిచ్చి చూడాల్సింది" అన్నడు. "నా మనిషివని నమ్మిన. గిరాకి గూడ నమ్మకంతోనే వచ్చిండు గద, ఆయన్ని ఎందుకు నమ్మలే?"

అనసూయమ్మకు ఐదు రూపాయిల పైసలు పైసతో సహా లెక్కపెట్టి ఇచ్చి పంపిండు. తర్వాత లేచి టోపీ పెట్టుకున్నడు. "మల్గి మూయి. డిపోకు పోదం."

"సేటూ, గిరాకి టైమిది."

"మూయమన్న." గట్టిగ మాట్లాడంగ నేను చూసిన రెండుసార్లల్ల ఇదొకటి.

డిపోల

పగటి పూట షిఫ్టులు మారే టైం. డ్రైవర్లు, కండక్టర్లు అందరు ఆడనే ఉన్నరు. మల్లేశం ఒక పక్కన బల్ల మీద ఒక్కడే కూసొని టిఫిన్ డబ్బ విప్పుతున్నడు. మమ్మల్ని చూసి మూత పెట్టిండు.

నేను సేటు చెవిల, "పక్కకు పిలిచి చెప్దమా?" అన్న.

"పక్కకు పిలిచి తిట్టినవా ఆ దినం?" అన్నడు సేటు. అని, మల్గిల గుసగుసగ మాట్లాడే ఆ మనిషి డిపో అంత వినపడేటట్టు గొంతు లేపిండు. "అయ్యా, నా పేరు నాగభూషణం. శాలిబండల సిక్కాల మల్గి నాది. మల్లేశం సిక్కా మార్చిండని మా మల్గిల అన్న మాట అబద్ధం. తప్పు మాది. ఎట్లయిందో మావోడే చెప్తడు."

నేను చెప్పిన. అంత మంది ముందల, గుడ్డ మీద పోసిన కాడ నుంచి చింతపండు దాక. తాళంచెవి తీసుకున్న పెద్దమనుషులల్ల ఒకాయన నేల చూసుకుంట నిలబడ్డడు.

మల్లేశం లేచి మా దగ్గరికి వచ్చిండు. కౌగిలిచ్చుకుంటడనుకుంటున్నరా? లే. "నలుగురి ముందల అన్నవు, నలుగురి ముందల చెప్పినవు. బరాబర్" అన్నడు. "కాని మా ఆమె జనం మొకం చూడలేక రెండు వారాలు నీళ్ళ నల్ల కాడికి పోలే యాదన్నా. తెల్లారకముందే లేచి చేదబాయి నుంచి మోసుకున్నది. గది ఎవ్వల ముందల చెప్తవు?"

 

సేటు లోపటి జేబుల నుంచి పైసలు తీసిండు. సిక్కా ధర మొత్తం, దాని మీద ఇంకొంత. "ఈ ఎక్కువది ఏంది?" అన్నడు మల్లేశం.

"కటింగ్. వాపస్‌కు కటింగ్ అని మావోడు గోల పెడతడు. మా తప్పుకు వాపస్ వచ్చింది కాబట్టి మేమే కట్టాలె. బస్సు చార్జి అనుకో."

మల్లేశం అప్పుడు నవ్విండు, ఇన్ని దినాలకు. "కండక్టర్‌కు బస్సు చార్జి ఎవ్వలిస్తరు సేటూ!" చుట్టూ ఉన్నోళ్ళు గూడ నవ్విండ్రు. ఆయన ఎక్కువ పైసలు ముట్టుకోలే. సిక్కా ధర గూడ ముట్టుకోలే. "నాకు నా సిక్కా కావాలె" అన్నడు.

"అది తోమిన సిక్కా అయ్యా" అన్నడు సేటు. "నిగ పాయె. సగం ధర గూడ రాదు. ఇంకొకటి దొరికినప్పుడు చెప్త."

"ఇంకొకటి వద్దు. ఆ చింతపండు సిక్కానే గాదు, నన్ను గూడ తోమింది. అదే ఇయ్యి."

సేటు సగం ధరనే తీసుకున్నడు, మిగిలిన సగం ఎంత వద్దన్నా ఆయన జేబుల పెట్టిండు. ఆ బల్ల మీదనే కాయితం పరిచి, పెన్సిల్ అడిగి తీసుకొని కొత్త నకలు తానే తీసిండు. చుట్టేముందు సిక్కాను నా కండ్ల ముందల పెట్టి, "చూసినవా?" అని అడిగిండు. చూసి, చూసిన అన్న. మేము గేటు దాటేటప్పటికి ఆ పెద్దమనిషి జేబుల చెయ్యి పెట్టి తాళంచెవి తీస్తున్నడు.

నా మల్గి

సేటు పోయినంక కొడుకులు వెండి ఒక్కటే పెట్టుకొని, సిక్కాల పెట్టెలు నాకు తక్కువ ధరకే ఇచ్చిండ్రు. ఎనభైలల్ల ఆ గల్లీలనే నేనొక చిన్న మల్గి పెట్టిన. నిజం చెప్తున్న, ఇంత జరిగినంక గూడ నా బుద్ధి పూర్తిగ మారలే. సేటు ఉన్నోడు, ఆయనకు చెల్లింది, నాకెట్ల చెల్లుతది అనుకున్న. పండుగకు తీసుకపోయి పండుగ కాంగనే వాపస్ తెచ్చేటోళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. అందుకని, "వాపస్‌కు రూపాయికి రెండణాలు కటింగ్" అని రాయమని బోర్డు పెయింటర్‌కు చెప్పిన. ఆయన ఆ వరుస రాస్తుండంగనే మల్లేశం వచ్చిండు. నెత్తి తెల్లబడ్డది, ఖాకీ మాత్రం అదే.

బోర్డు చదివిండు. జేబుల నుంచి చిన్న పొట్లం తీసి నా ముందల విప్పిండు. తోమిన సగం ఐన్ రూపాయి. ఇన్నేండ్లకు మళ్ళ సన్నగ నలుపు పడుతున్నది.

"వాపస్" అన్నడు. "కటింగ్ ఎంత యాదన్నా?"

నేను సిక్కాను ముట్టుకోలే. భూతద్దం గూడ తియ్యలే. పెయింటర్ నిచ్చెన మీది నుంచి కుంచె ఆపి చూస్తున్నడు.

"ఆ వరుస తుడిచెయ్" అన్న పెయింటర్‌తోని.

మల్లేశం సిక్కాను మళ్ళ పొట్లం కట్టి జేబుల పెట్టుకున్నడు. "అయితే నా దగ్గరనే ఉండనియ్యి" అని, చెప్పులిడిచి వచ్చి చాప మీద నా పక్కన కూసున్నడు.